పెనుగాలి పిమ్మట ఆరాధన



2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారమై యుండెను. ఆ దినమున హుద్‌హుద్ అను పేరుగల పెనుతుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటెను. సముద్రమునకు దూరముగా, ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులోయను సైతము ఆ గాలి విడువలేదు. కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లు విస్తారముగా నేలకూలెను. వాటిని అల్లుకొనియున్న మిరియపుతీగలు మట్టిపాలయ్యెను. క్రిందనున్న కాఫీమొక్కలు కొన్ని నలిగిపోయెను. కొన్ని నీడ కోల్పోయి ఎండకు నిలిచెను. పండ్ల కోతకు అప్పటికి కొన్ని వారములే మిగిలియుండెను. కాఫీమొక్క నాటినది మొదలు కాపు కాయుటకు మూడు నాలుగేండ్లు పట్టును. నీడచెట్టు ఎదుగుటకు అంతకంటె నెక్కువ కాలము కావలెను. ఏండ్ల తరబడి పడిన శ్రమ ఒక్క దినములో పోయెను.

ఈ కొండలలో క్రైస్తవ కుటుంబములును కలవు. తోట పడిపోయిన ఇంటివారు మరుసటి ఆదివారము ఏ ముఖముతో, ఏ మాటలతో దేవుని సన్నిధికి రావలెను? ఇదియే మా పాఠము. తుపాను రాకపోయినను ప్రతి ఇంటికిని ఏదో ఒక దినమున ఇట్టి గాలి వీచును. తండ్రి అకస్మాత్తుగా మరణించును. దుక్కిటెద్దు చచ్చును. ఏడాదియంతయు చదివినవాడు పరీక్షలో తప్పును. అప్పుడు నిన్నటివరకు నోటనున్న కీర్తన గొంతులోనే ఆగిపోవును. అట్టివారికొరకు అయిదు మాటలు వ్రాయుచున్నాము.

మొదటిది: నష్టమునకు తీర్పు చెప్పకుడి. ఒక ఇంటికి కీడు కలిగినపుడు రెండు విధములైన మాటలు వినబడును. పూర్వాచారము విడిచినందున కీడు వచ్చెనని కొందరందురు. ఆ ఇంట ఏదో రహస్యపాపము కలదని సంఘములోనివారే కొందరు గుసగుసలాడుదురు. ఈ రెండును ఒకే తప్పు. శిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయినపుడు, వారు తక్కినవారికంటె పాపులు కారని ప్రభువు స్పష్టముగా తెలియజేసెను. హుద్‌హుద్ గాలి ఎవరి మతమును అడుగలేదు. యోబు స్నేహితులను తలంచుకొనుడి. ఏడు దినములు అతనితో నేలమీద కూర్చుండి మౌనముగా నున్నంతకాలము వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే తప్పిరి.

రెండవది: ఏడ్చుట అవిశ్వాసము కాదు. ఎడారినుండి వచ్చిన పెనుగాలి ఇంటి నాలుగు మూలలను కొట్టగా యోబు తన బిడ్డలను కోల్పోయెను. అతడు పైవస్త్రము చింపుకొనెను, తల గొరిగించుకొనెను, నేలపై సాగిలపడెను, ఆరాధించెను. దుఃఖమును దాచుకొని ఆరాధించెనని వ్రాయబడలేదు, దుఃఖముతోనే ఆరాధించెను. కీర్తనల గ్రంథములోను చాల భాగము మొరలే. దేవునితో మొరపెట్టుకొనువాడు దేవుని విడిచినవాడు కాడు. బోధకులమైన మేమును తొందరపడి, దుఃఖములోనున్న పిల్లలతో "ఏడవకుము, విశ్వాసముంచుము" అని చెప్పిన దినములు కలవు. ఆ మాట వారి కన్నీటిని తుడువలేదు. మా యెదుట ఏడ్చుటకు మాత్రము భయపడునట్లు చేసెను.

మూడవది: శరీరమును మరువకుడి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని ప్రాణము విడువగోరెను. దేవుడు అతనిని గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును ఇప్పించెను, మరల నిద్రపోనిచ్చి, మరల భోజనము పెట్టించెను. మెల్లని స్వరము వినబడుట ఆ తరువాతి సంగతి. కాబట్టి దుఃఖములోనున్న ఇంటికి వెళ్లువారు వాక్యముతోపాటు ఒక కుండ చోడి అంబలియు తీసికొనిపోవుట మంచిది. రాత్రులు నిద్రలేనివాడు పగలు ప్రార్థింపలేకపోయినచో అది అతని భక్తిహీనత కాదు.

నాలుగవది: చిన్నదైనను నియమమును విడువకుడి. ప్రార్థన చేయరాదను శాసనము వచ్చెనని తెలిసినను దానియేలు ఎప్పటివలెనే దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను. 'ఎప్పటివలెనే' అనుటలో గొప్ప బలము కలదు. నష్టము కలిగిన వెంటనే భక్తిభావము మనస్సున ఉప్పొంగదు. అది వచ్చినపుడు ప్రార్థింతమని కాచుకొనియున్నచో వారములు గడచును, మాసములు గడచును. కావున అదే చాపమీద, అదే వేళకు కూర్చుండుడి. దీర్ఘప్రార్థన చేయలేకున్నచో ప్రభువు నేర్పిన ప్రార్థన చాలును. పాడలేకున్నచో పాడువారి నడుమ ఊరక కూర్చుండుడి. పక్షవాయువుగలవాడు తానై ప్రభువునొద్దకు నడచిరాలేదు, నలుగురు మోసికొనివచ్చిరి. సంఘము ఉన్నది ఇందుకొరకే. ఈ వారము మోయబడినవాడు మరియొక వారము ఇంకొకని మోయును.

అయిదవది: మిగిలినదానితో మరల మొదలుపెట్టుడి. ఈ కొండల దిగువనున్న విశాఖపట్టణమునకు 1805లో లండన్ మిషనరీలగు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ వచ్చిరి. ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెలుగు చేయ నారంభించిరి. 1809లో క్రాన్ మరణించెను. మరుసటి యేడే డెస్ గ్రాంజెస్ మరణించెను. పని ఆగిపోవునని తోచు సమయమది. అయినను వారు తెలుగు చేసిన సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున అచ్చయ్యెను. తరువాత ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను.

ఆ శ్రీరామపురపు ముద్రాలయమును కష్టమునకు తప్పించుకొనలేదు. 1812 మార్చి 11వ తేది సాయంకాలమున అచ్చట అగ్ని పుట్టెను. అనేక భాషల అచ్చు అక్షరములును, విలియం కేరీ ఏండ్లతరబడి వ్రాసిన వ్రాతప్రతులును కాలిపోయెను. ఆ తరువాతి ఆదివారమున కేరీ 46వ కీర్తననుండి ప్రసంగించెను. అక్షరములు పోతపోయు మూసలు బూడిదలో చెడక దొరకెను. కరగిన లోహముతోనే మరల అక్షరములు పోసిరి. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో ప్రకటింపబడెను. పూర్వము రాజైన యెహోయాకీము యిర్మీయా గ్రంథపుచుట్టను నిప్పులలో వేసినపుడును ఇట్లే జరిగెను. బారూకు మరియొక చుట్ట తీసికొని మొదటినుండి వ్రాసెను.

అరకు కొండలలోను ఇట్లే జరిగెను. నేడును ఆ కొండలపై కాఫీ కోయుచున్నారు. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. మరల నాటిన చేతులకు ఇది గౌరవమే. అయినను ఒక హెచ్చరిక చెప్పక విడువరాదు. తోట తిరిగి కాచినది గనుక దేవుడు మంచివాడని బోధించినచో, తిరిగి కాయని తోటగల ఇంటికి మనము చెప్పునది ఏమి? చనిపోయిన తండ్రి తిరిగి రాడు. ఆరాధన పోయినదానిని తిరిగి రాబట్టుకొను కూలి కాదు. అంజూరపు చెట్టు పూయకపోయినను, సాలలో పశువులు లేకపోయినను తాను ఆనందింతునని నిశ్చయించుకొనిన హబక్కూకు దీనిని ఎరిగినవాడు. పంట వచ్చిన తరువాత అతడు ఆ మాట చెప్పలేదు. కొట్టము వట్టిదిగా నున్నప్పుడే చెప్పెను.

విద్యార్థులారా, మీ తరగతిలో ఈ యేడు ఇట్టి నష్టము పొందినవాడు ఒకడైనను ఉండవచ్చును. అతని బల్లయొద్దకు వెళ్లి ప్రక్కన కూర్చుండుడి. కారణములు వెదకకుడి. పాఠములు వ్రాసి యిండు. ఆదివారము ఉదయమున అతని ఇంటిమీదుగా నడచి, పిలిచి, వెంటబెట్టుకొని మందిరమునకు రండు. ఆ దినమున అతడు పాడకపోయినను మీరు పాడుడి.