పాఠం 11: బ్యాటరీలో తగరం

భిలాయిలోని నెహ్రూ నగర్‌లో ఒక ఇల్లు అనుకోండి. కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది కనుక ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆ ఇంటివారు అప్పుడప్పుడు బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. పక్కింటి స్కూటరులోని సీల్డ్ బ్యాటరీకి ఆ పని లేదు. రెండూ సీసం బ్యాటరీలే. మరి ఈ తేడా ఎందుకు?

జవాబులో తగరానికి కొంత పాత్ర ఉంది. తగరం మీకు కొత్త కాదు. ఇత్తడి గిన్నెల లోపల పూసే కళాయి అదే. (మనం టిన్ను డబ్బా అనేది నిజానికి ఇనుప రేకు. దానిమీద తగరం పూత పల్చగా ఉంటుంది, అంతే.) తగరం పరమాణు సంఖ్య 50. ఇది 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దీని ఖనిజం కాసిటరైట్. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం రాజహరా గనులనుంచి వచ్చింది. తగరపు ఖనిజం ఇంకా దక్షిణాన, దంతేవాడ, సుక్మా జిల్లాల్లో ఉంది. అక్కడ ఆదివాసీ కుటుంబాలు వాగు ఇసుకను కడిగి, బరువైన ఖనిజపు రేణువులను వేరుచేసి అమ్ముకుంటాయి. కిలో ధర పెరిగినా తగ్గినా అది వారి ఇంటి బియ్యం మీద తెలుస్తుంది.

ఇక బ్యాటరీ లోపలికి వెళ్దాం. ప్లేటులోని రసాయనపు ముద్దను జల్లెడలాంటి ఒక చట్రం పట్టి ఉంచుతుంది. దీనిని గ్రిడ్ అంటారు. శుద్ధమైన సీసం మెత్తన, గ్రిడ్ వంగిపోతుంది. అందుకని ఆంటిమొని కలిపారు. గట్టిదనం వచ్చింది గాని, ఆంటిమొని మెల్లగా ఋణ ప్లేటు చేరి, ఛార్జింగ్ సమయంలో నీరు వాయువులుగా విడిపోవడాన్ని పెంచుతుంది. నీళ్ళు తరచుగా పోయవలసి రావడానికి కారణం ఇదే. దాని బదులు కాల్షియం కలిపితే నీటి నష్టం తగ్గింది. అయితే మరో చిక్కు వచ్చింది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తూ పోతే, గ్రిడ్‌కూ ముద్దకూ మధ్య విద్యుత్తును సరిగా పోనివ్వని సీసపు ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ముద్ద బాగానే ఉన్నా ఛార్జి ఎక్కదు. నూటికి సుమారు ఒక వంతు తగరం కలిపితే ఆ పొర విద్యుత్తును మెరుగ్గా పోనిస్తుంది. తిరుపతి సమీపంలోని అమరరాజా వంటి సంస్థలు తయారుచేసే సీల్డ్ బ్యాటరీల రకానికి ఈ మిశ్రమలోహం ఆధారం.

జాగ్రత్త: పాత బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించవద్దు. ఆ పొగ, ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తాయి. దుకాణదారుకు తిరిగి ఇవ్వండి. 2022 నాటి నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరింపజేసే బాధ్యత తయారీదారులది.

లిథియం బ్యాటరీలో తగరం వేరే పని చేయగలదు. అక్కడ ఋణధ్రువంలో సాధారణంగా గ్రాఫైటు ఉంటుంది. దాని సామర్థ్యం గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ గంటలు. తగరానికి సిద్ధాంతరీత్యా 990 దాకా ఉంది. అయితే లిథియం చేరేకొద్దీ తగరం ఉబ్బి మూడు రెట్లకు మించుతుంది. లిథియం బయటికి పోగానే కుంచించుకుంటుంది. తడిసి ఎండిన నల్లరేగడి నేలలాగే పగుళ్ళిస్తుంది. 2005లో సోనీ సంస్థ తగరం, కోబాల్టు, కార్బన్ కలిపిన ఋణధ్రువంతో బ్యాటరీ విడుదల చేసింది. అయినా గ్రాఫైటును తగరం తొలగించలేకపోయింది.

పాఠ్యగత ప్రశ్నలు

1. 400 గ్రాముల గ్రిడ్‌లో 1 శాతం తగరం ఉంటే దాని బరువెంత?

2. మీ ఇంటి బ్యాటరీకి నీళ్ళు పోస్తారా? అయితే గ్రిడ్‌లో ఏ లోహం ఉండవచ్చు? కారణం రాయండి.