ఎంగిలి అక్కడా ఉంది

ఇబ్రహీంపట్నం నుండి పదిమంది ఆడవాళ్ళు నేపాల్ యాత్రకు వెళ్ళారు. నేపాల్ వేరే దేశం. అయినా మనకు పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు చాలు. గోరఖ్‌పూర్ దాకా రైలు. సునౌలి దగ్గర సరిహద్దు దాటి బస్సు. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు వస్తాయి.

"భాష రాదు. ఎట్లా మాట్లాడతాం?" అని ఒకామె భయపడింది.

ఖాట్మండు దగ్గర ఒక ఇల్లాలు "దిదీ" అని పిలిచింది. అంటే అక్కా అని. పప్పూ అన్నం పెట్టింది. భయపడిన ఆమె గ్లాసు పెదవులకు తగలకుండా ఎత్తి నీళ్ళు తాగింది. ఇల్లాలి ముఖం విప్పారింది. వాళ్ళకూ ఎంగిలి పట్టింపు ఉంది. దాన్ని 'జూఠో' అంటారు.

"అచ్చం మనలాగే!" అని అందరూ నవ్వుకున్నారు.

మీ ఇంటికి భాష రాని చుట్టం వస్తే ఏం పెడతారు? రాయండి.