మన వీధి భద్రత – ప్రణాళికలో మన పాత్ర



మీ ఇంటివారి అనారోగ్యం వలన మీరు కొన్ని రోజులుగా ఆసుపత్రిలో ఉంటున్నారు. రోగి కోలుకున్న తర్వాత ఇంటికి వెళ్తారు. ఏ కుళాయి నీటి వలన విరేచనాలు పట్టుకున్నాయో మళ్ళీ అదే కుళాయి దగ్గరకు వెళ్తారు. ఏ మూతలేని మ్యాన్‌హోల్‌లో కాలుపడి ఎముక విరిగిందో మళ్ళీ అదే సందులోకి వెళ్తారు. మందు రోగిని బాగుచేస్తుంది గాని వీధిని బాగుచేయదు. వీధి మారకపోతే జబ్బు తిరిగి రావచ్చు, లేదా పక్కింటివారికి రావచ్చు.

"వీధిని బాగుచేయడం మున్సిపాలిటీ పని, మాకేం తెలుసు?" అని మీరు అనవచ్చు. పని మున్సిపాలిటీదే. కాని ఆ పని సరిగా జరగడానికి కావలసిన సమాచారం మీ దగ్గర ఉన్నది. పట్టణ భద్రత కొరకు వేసే ప్రణాళికలో అక్కడ నివసించేవారు ఎందుకు పాలుపంచుకోవాలో, ఎలా పాలుపంచుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఒక పంపు కథ

1854 ఆగస్టు 31 రాత్రి లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా విజృంభించింది. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపక్కల పది రోజులలోనే 500 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వలన కలరా వస్తుందని ఆ రోజుల్లో పెద్ద పెద్ద వైద్యులు కూడా నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం అది నీటి ద్వారా వస్తుందని అనుమానించాడు.

ఆయన ఇంటింటికీ వెళ్ళి "చనిపోయినవారు ఏ నీరు తాగేవారు?" అని అడిగాడు. చాలామంది బ్రాడ్ స్ట్రీట్ పంపు నీరు తాగినవారే. ఆ దగ్గరలోని నిరుపేదల శరణాలయంలో 500 మందికి పైగా ఉన్నా, అక్కడ సొంత బావి ఉండడం వలన చనిపోయినవారు ఐదుగురే. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక వృద్ధురాలు మాత్రం కలరాతో మరణించింది. ఆమె కుమారుడిని అడిగితే, ఆ పంపు నీటి రుచి ఇష్టమై ఆమె రోజూ అక్కడి నుండే తెప్పించుకునేదని తెలిసింది. ఈ సంగతి ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేదు.

స్నో ఈ వివరాలను ఆ పారిష్ పెద్దల ముందు ఉంచాడు. వారు సెప్టెంబరు 8న పంపు పిడిని తీయించారు. అప్పటికే చాలామంది ఊరు వదలి వెళ్ళడం వలన వ్యాధి తగ్గుముఖం పట్టింది గాని, ఆ పంపు నుండి మళ్ళీ కలరా వ్యాపించే అవకాశం తప్పింది.

ఆ ప్రాంతంలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువ పాదిరి సేవ చేసేవాడు. స్నో చెప్పినది తప్పని నిరూపించాలనే ఆయన మొదట బయలుదేరాడు. అక్కడి కుటుంబాలు ఆయనకు బాగా తెలిసినవే. ఒక్కొక్క ఇంటికి నాలుగైదుసార్లు కూడా వెళ్ళి ఓపికగా అడిగాడు. చివరికి స్నో చెప్పినదే నిజమని ఆయనకు తేలింది. పంపు పక్కనే ఉన్న 40వ నంబరు ఇంట్లో ఐదు నెలల పసిబిడ్డ విరేచనాలతో చనిపోయిన సంగతి కూడా ఆయన కనుగొన్నాడు. బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి మురుగు గుంటలో పోశానని ఆ తల్లి చెప్పింది. తవ్వించి చూడగా, ఆ గుంటకూ పంపు బావికీ మధ్య దూరం మూడు అడుగుల లోపే ఉన్నది. గుంట ఇటుకలు వదులై మురుగు బావిలోనికి ఊరుతున్నది.

గమనించండి: వైద్యుని తెలివి, పారిష్ పెద్దల నిర్ణయం, పాదిరి ఓపిక, ఒక తల్లి చెప్పిన మాట – ఇవన్నీ కలిసినప్పుడే అసలు కారణం బయటపడింది. ఆ తల్లిని ఎవరూ అడగకపోతే, లేక ఆమె చెప్పకపోతే, గుంట అలాగే ఉండేది.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీరు తాగి అనేకులు ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు మరణించారు. నీటి రంగు, వాసన మారిన సంగతి అందరికంటే ముందు తెలిసేది బిందె పట్టుకునేవారికే.

2. తెలియకపోవడం వలన కలిగే నష్టం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం ప్రజలు నిద్రలో ఉండగా, పక్కనే ఉన్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. కరోనా లాక్‌డౌన్ వలన ఆ కర్మాగారం కొన్ని వారాలుగా మూతపడి ఉన్నది. 12 మంది మరణించారు. వందలాదిమంది ఆసుపత్రులలో చేరారు. ప్రమాదాన్ని తెలిపే సైరన్ మోగలేదు. చీకట్లో ఏ వైపు పోవాలో తెలియక జనం పరుగెత్తారు, కొందరు దారిలోనే సొమ్మసిల్లి పడిపోయారు.

మన దేశంలో ప్రమాదకర రసాయనాలకు సంబంధించి 1989లోనే నియమాలు వచ్చాయి. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న కర్మాగారం, చుట్టుపక్కల నివసించేవారికి ఆ ప్రమాదం ఎటువంటిదో, అది జరిగితే ఏమి చేయాలో, ఏమి చేయకూడదో ముందుగానే తెలియజేయాలి. కర్మాగారం వెలుపలి ప్రాంతం కొరకు అధికారులు అత్యవసర ప్రణాళిక తయారుచేసి, సంవత్సరానికి ఒకసారైనా దానిని అభ్యాసం చేయించాలి. అనగా, కర్మాగారం పక్కన ఇల్లున్న ప్రతివారికీ ఈ సంగతులు అడిగి తెలుసుకునే హక్కు ఉన్నది. ప్రణాళిక బీరువాలో ఉంటే చాలదు. రాత్రి మూడు గంటలకు నిద్రలేచిన మనిషికి అది గుర్తుండాలి.

మీ ఇల్లు అటువంటి చోట ఉంటే ఇంటిల్లిపాదికీ ఇవి నేర్పండి. గాలిలో ఘాటైన వాసన వస్తే తడిగుడ్డను ముక్కుకు, నోటికి అడ్డుగా పెట్టుకోవాలి. గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడచి ఆ ప్రాంతం నుండి బయటపడాలి. పల్లపు ప్రాంతాలకు పోరాదు, ఎందుకంటే చాలా రసాయన వాయువులు గాలికంటే బరువైనవి. అగ్గిపుల్ల గీయరాదు, కరెంటు స్విచ్చులు వేయరాదు. కళ్ళు మండితే శుభ్రమైన నీటితో ఎక్కువసేపు కడగాలి.

3. లెక్కలోకి రానివారు ఎవరు?

వరద, అగ్నిప్రమాదం, విషవాయువు – ఏది వచ్చినా "అందరూ ఇళ్ళు ఖాళీ చేయండి" అని మైకులో చెబుతారు. నడవగలిగినవారు వెళ్తారు. పక్షవాతంతో మంచాన ఉన్న తాతగారి సంగతి ఏమిటి? వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళవలసిన అక్క సంగతి ఏమిటి? ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న నాన్నగారి సంగతి ఏమిటి? కరెంటు పోతే ఆ యంత్రం ఆగిపోతుంది కదా!

వారు ఫలానా ఇంట్లో ఉన్నారని అధికారులకు తెలియదు. తెలిసినది మీకే. అందువలన రోగి ఉన్న కుటుంబం వీధి ప్రణాళికలో అందరికంటే ముందు మాట్లాడాలి. మన ఇంటి కష్టం మనలోనే ఉంచుకోవడం మన అలవాటు. కాని ఈ విషయంలో మౌనం ప్రాణం మీదికి తెస్తుంది.

జబ్బు పేరు బయటపెట్టడం ఇష్టం లేకపోతే చెప్పనవసరం లేదు. క్షయ అని గాని, మరొకటి అని గాని ఎవరికీ చెప్పకుండానే మీ అవసరాన్ని మాత్రం చెప్పవచ్చు. "మా ఇంట్లో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయాలి", "మాకు కరెంటు లేకుండా గంట కూడా గడవదు", "మా అమ్మగారికి చెవులు వినబడవు, తలుపు తట్టి లేపాలి" – ఇలా చెబితే చాలు.

4. ఎలా మొదలుపెట్టాలి?

(అ) వీధి నడక. ఒక ఆదివారం సాయంత్రం వీధివారు పదిమంది కలిసి వీధి ఈ చివర నుండి ఆ చివర వరకు నడవండి. ఒక పెద్దవయసువారు, ఒక బడిపిల్ల, చేతికర్రతో నడిచేవారు ఒకరు, అద్దెకున్నవారు ఒకరు, మీ వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు తప్పక ఉండాలి. ఎందుకంటే ఒకే వీధి ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా కనబడుతుంది. యువకుడు దాటిపోయే గుంట ముసలివారికి ప్రమాదం. మగవారు పట్టించుకోని చీకటి మలుపును ఆడపిల్లలు ప్రతిరోజూ భయంతో దాటుతారు.

(ఆ) వీధి పటం. ఒక పెద్ద కాగితం మీద వీధి బొమ్మ గీయండి. మురుగు కాలువ గుండా పోతున్న మంచినీటి పైపు, మూతలేని మ్యాన్‌హోల్, కంచెలేని ట్రాన్స్‌ఫార్మర్, వానకు నీరు నిలిచే చోటు, వెలగని దీపం – ఇవన్నీ గుర్తించండి. 108 అంబులెన్సు ఎంతవరకు రాగలదో చూడండి. సందు మొదట్లో బళ్ళు అడ్డంగా పెడితే స్ట్రెచర్ పట్టుకుని ఎంత దూరం నడవాలో కొలవండి. అంబులెన్సుకు ఫోను చేసేటప్పుడు చెప్పవలసిన గుర్తు ఏమిటో అందరూ కలిసి ఒకటే అనుకోండి. ఎవరు రోడ్డు మీదికి వెళ్ళి నిలబడాలో కూడా ముందే అనుకోండి.

(ఇ) సహాయం కావలసినవారి జాబితా. ప్రతి పేరు ఎదుట ఇద్దరు పొరుగువారి పేర్లు వ్రాయండి. ఒకరు ఊరిలో లేకపోతే రెండవవారు చూస్తారు. ఈ జాబితా గోడకు అంటించరాదు. నమ్మకమైన ఇద్దరి దగ్గర, మీ ప్రాంతపు ఏ.ఎన్.ఎమ్. లేక ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి. ఎండాకాలంలో కూడా ఇదే జాబితా పనికి వస్తుంది. వడగాల్పుల రోజుల్లో ఒంటరిగా ఉన్న వృద్ధులను మధ్యాహ్నం ఒకసారి పలకరించి, మంచినీళ్ళు తాగారో లేదో చూడండి.

(ఈ) వెంటనే తెలపవలసినవి. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్ళలో ఒకేసారి విరేచనాలు మొదలైతే అది ఒక ఇంటి జబ్బు కాదు. అదే రోజు ఆరోగ్య కేంద్రానికి, నీటి విభాగానికి తెలపండి. నీరు బాగా మరిగించి చల్లార్చి తాగండి. విరేచనాలవారికి ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దాని మీద వ్రాసిన కొలత ప్రకారం కలిపి తాగిస్తూ డాక్టరుకు చూపించండి.

5. అధికారుల దగ్గరకు ఎలా వెళ్ళాలి?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలి. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ క్రింద, బస్తీలలో 50 నుండి 100 కుటుంబాలకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఏర్పాటు చేసే పద్ధతి ఉన్నది. మీ వార్డులో ఇవి పనిచేస్తున్నాయో లేదో వార్డు కార్యాలయంలోనూ, పట్టణ ఆరోగ్య కేంద్రంలోనూ అడగండి. పనిచేస్తుంటే అందులో కూర్చోండి. లేకపోతే ఏర్పాటు చేయమని కోరండి.

అర్జీ వ్రాసేటప్పుడు ఒక కాగితంలో ఒకే సమస్య వ్రాయండి. ఎక్కడ, ఎప్పటి నుండి, ఎన్ని ఇళ్ళకు ఇబ్బంది, ఏమి చేయాలని కోరుతున్నారు – ఈ నాలుగూ ఉంటే చాలు. "మా వీధిలో నీళ్ళు బాగాలేవు" అనే మాటకంటే "నాలుగవ సందులో గుడి ఎదుట మురుగు కాలువలో ఉన్న పైపు పగిలింది, పదకొండు ఇళ్ళకు రంగు నీళ్ళు వస్తున్నాయి" అనే మాటకు జవాబు త్వరగా వస్తుంది. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రెండు వారాలు చూసి మళ్ళీ వెళ్ళండి. అవసరమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడగండి. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

సమావేశం పెట్టేటప్పుడు కూలికి వెళ్ళేవారు తిరిగివచ్చే వేళ చూసి పెట్టండి. ఆడవారిని వెనుక కూర్చోబెట్టి మగవారే మాట్లాడితే సగం వీధి సంగతి తెలియకుండా పోతుంది. కులం, మతం, పార్టీ ఈ పనికి అడ్డు రాకూడదు. కలుషిత నీరు ఏ ఇంటినీ విడిచిపెట్టదు.

ఒక మాట మరువవద్దు. మనం పాల్గొనడం అంటే అధికారుల బాధ్యతను మన మీద వేసుకోవడం కాదు. పైపు మార్చవలసింది, దీపం వేయవలసింది, కర్మాగారాన్ని తనిఖీ చేయవలసింది వారే. మనకు తెలిసినది చెప్పడం, జరిగిందో లేదో చూడడం, పొరుగువారిని విడిచిపెట్టకుండా ఉండడం మన వంతు.

6. ఆలోచించండి, చర్చించండి

1. మీ రోగి జబ్బుకు గాని, గాయానికి గాని మీ వీధిలో ఏదైనా కారణం ఉన్నదా? ఆ సంగతి డాక్టరుకు, మున్సిపాలిటీకి చెప్పారా?

2. ఈ రాత్రి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే మీ రోగిని ఎవరు మోస్తారు? ఆ మాట వారితో ముందుగా అనుకున్నారా?

3. మీ వీధిలో సహాయం అడగడానికి సంకోచించే ఇల్లు ఏది? ఆ ఇంటికి మీరు ఎప్పుడు వెళ్తారు?

ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళేముందు మీ రోగికి అత్యవసరంగా కావలసినవి ఏమిటో నర్సమ్మగారిని అడిగి ఒక చిన్న కాగితం మీద వ్రాయించుకోండి. వాడే మందుల పేర్లు, కరెంటు అవసరం, మళ్ళీ ఆసుపత్రికి రావలసిన తేదీ అందులో ఉండాలి. దానిని తలుపు వెనుక ఉంచండి. మీరు నమ్మిన ఇద్దరు పొరుగువారికి చూపించండి. మీ వీధి ప్రణాళికలో మొదటి పుట అదే.