పాటే పాఠం: గోరటి వెంకన్న

తమ్ముళ్ళూ, మోపిదేవి హాస్టల్లో చదువుకున్న మాలో చాలామందికి తొలి పాట నేర్పింది అమ్మ. ఊడ్పుల పాటలు వింటూ పెరిగాం. హైస్కూలుకొచ్చాక మాత్రం అవి పాడాలంటే సిగ్గుపడ్డాం. "కూలోళ్ళ పాట" అని నవ్వుతారేమోనని భయం. ఆ భయం పోగొట్టిన కవి గోరటి వెంకన్న.

ఆయన 1963లో పాలమూరు ప్రాంతంలోని గౌరారంలో పుట్టారు. ఆ ఊరు నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. తండ్రి యక్షగాన కళాకారుడు. వెంకన్న సహకార శాఖలో ఉద్యోగం చేస్తూ కూడా పాటను వదల్లేదు. 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 2002లో 'కుబుసం' సినిమాతో తెలుగు ఊళ్ళన్నిటికీ చేరింది.

ఆ పాటలో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ప్రపంచీకరణ మీద ఉపన్యాసం ఇవ్వకుండా కుమ్మరి, కమ్మరి, సాలెల చేతిపనులు ఎలా మూగబోయాయో ఆ పాట చూపిస్తుంది. పెద్ద సంగతిని కళ్ళెదుటి వస్తువులతో చెప్పడమే దాని బలం. మన దివిసీమలోనూ కోత మిషన్లు వచ్చాక అమ్మలకు కూలి రోజులు తగ్గాయి, చేలో పాటా తగ్గింది. దీన్ని రాయాల్సింది మనమే కదా!

ఆయన పాటల పుస్తకం 'వల్లంకి తాళం'కు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పల్లె మాట సాహిత్యం కాదనేవారికి ఇంతకన్నా జవాబేముంది?

మేము నోటుబుక్కు తీసేసరికి మా నాయనమ్మల పాటలు సగం వాళ్ళతోనే పోయాయి. మీరు ఆలస్యం చేయకండి. ఈ సెలవుల్లో ఇంట్లో ఒక్క పాటైనా అడిగి రాసుకురండి. ఇదే మా విన్నపం.