తీర్థం లెక్క

అప్పనపల్లి వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. ఊళ్ళో బాల బాలాజీ స్వామి గుడి ఉంది. ఎక్కడెక్కడి జనమో ఆ గుడికి వస్తారు. కానీ మాఘమాసం వచ్చిందంటే అప్పనపల్లి జనం అంతర్వేది తీర్థానికి బయల్దేరతారు.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహ స్వామి గుడి ఉంది. వశిష్ఠ గోదావరి అక్కడే సముద్రంలో కలుస్తుంది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామి కళ్యాణం. మర్నాడు భీష్మ ఏకాదశి. ఆ రోజు రథం లాగుతారు.

అప్పనపల్లిలో మంగ అనే ఆవిడ ఉందనుకోండి. ఆమె కూలికి వెళుతుంది. భర్త కొబ్బరి దింపు తీస్తాడు. కూతురు మూడో తరగతి. కొడుక్కి నాలుగేళ్ళు.

"అమ్మా, తీర్థానికి వెళదాం" అని పిల్లలు పట్టుబట్టారు. మంగ చేతిలో డబ్బు లేదు. వెయ్యి రూపాయలు అప్పు తెచ్చింది. నూటికి నెలకి 5 రూపాయల వడ్డీ.

అత్తగారు, మంగ, పిల్లలు బయల్దేరారు. మామిడికుదురు దాకా ఆటో. అక్కడి నుంచి పల్లెవెలుగు బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి, ఆడపిల్లలకి పల్లెవెలుగు బస్సులో ప్రయాణం ఉచితం. నాలుగేళ్ళ పిల్లాడికి టిక్కెట్టే లేదు.

"బస్సు ఖర్చు లేదు. వెయ్యి రూపాయలు బోలెడు" అనుకుంది మంగ.

తీర్థంలో అడుగడుక్కీ ఒక దుకాణం. పిల్లాడు బూర అడిగాడు. పిల్ల రంగులరాట్నం ఎక్కుతానంది. ఒకళ్ళకి కొంటే రెండోవాళ్ళు ఏడుపు. పది, ఇరవై అనుకుంటూ మంగ ఇస్తూనే ఉంది. ఇంటికొచ్చి కొంగుముడి విప్పి చూస్తే 40 రూపాయలే ఉన్నాయి.

డబ్బు ఏమయింది? మంగ రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కూతురి పలక తీసింది. గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే రాసింది.

ఆటో, రానూ పోనూ – 80
కొబ్బరికాయ, పూలు, హారతి – 90
రంగులరాట్నం – 160
బూరలు, బొమ్మలు – 210
ఐసులు, పీచుమిఠాయి, బజ్జీలు – 190
నీళ్ళ సీసాలు 4 – 80
జీళ్ళు, ఖర్జూరం – 150
మొత్తం – 960 రూపాయలు

మంగ లెక్క చూసి ఆశ్చర్యపోయింది. రంగులరాట్నం, బొమ్మలు, తిండి, నీళ్ళు కలిపితే 640 రూపాయలు. అంటే మూడు వంతుల్లో రెండు వంతులు. పెద్ద ఖర్చు ఒక్కటీ లేదు. అన్నీ చిన్న చిన్న ఖర్చులే.

లెక్క అక్కడితో ఆగలేదు. మర్నాడు పిల్లాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మందులకి 250 రూపాయలు అయ్యాయి. తీర్థం రోజు ఒకటి, పిల్లాడి దగ్గర కూర్చున్న రోజు ఒకటి. రెండు రోజుల కూలి 700 రూపాయలు పోయింది. అప్పు తీరడానికి ఆరు నెలలు పట్టింది. నెలకి 50 చొప్పున వడ్డీ 300 రూపాయలు.

250 + 700 + 300 = 1250 రూపాయలు.

తీర్థంలో కనిపించిన ఖర్చు 960. తరవాత వచ్చి పడిన ఖర్చు 1250. రెండూ కలిపితే 2210 రూపాయలు!

"ఏడాదికొక్క తీర్థం. దానికీ లెక్కలేంటే?" అంది అత్తగారు.

"లెక్క తీర్థం మానడానికి కాదండీ అత్తయ్యా. అప్పు మానడానికి" అంది మంగ.

ఆ వారం నుంచే మంగ ఒక డబ్బాలో వారానికి 10 రూపాయలు వేసింది. 50 వారాలకి 500 రూపాయలు అయ్యాయి. మళ్ళీ భీష్మ ఏకాదశి వచ్చింది.

ఈసారి మంగ పులిహోర మూట కట్టింది. కాచి చల్లార్చిన నీళ్ళు రెండు సీసాల్లో పోసింది. పిల్లలిద్దరికీ చెరో 100 రూపాయలు లెక్క కట్టింది. "ఇది మీ డబ్బు. ఏం కొనాలో మీరే చెప్పండి. అయిపోతే మళ్ళీ అడక్కూడదు" అంది.

పిల్లాడు రెండుసార్లు రంగులరాట్నం ఎక్కాడు. 20 రూపాయలు పెట్టి బూర కొన్నాడు. పిల్ల ఒక్కసారే ఎక్కింది. 30 రూపాయల గాజులు కొంది. 30 రూపాయలు దాచుకుంది. ఎవరూ ఏడవలేదు.

బయల్దేరేముందు మంగ ఇంకో పని చేసింది. రెండు చీటీలు రాసింది. పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు అప్పనపల్లి, ఫోను నంబరు. ఒక చీటీ పిల్లాడి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చింది. రెండోది పిల్లకి ఇచ్చింది.

రథం కదిలింది. జనం ఒక్కసారి తోసుకొచ్చారు. పిల్లాడి చెయ్యి జారిపోయింది. మంగ గుండె ఆగినంత పనైంది. అత్తగారు ఏడుస్తూ కూలబడింది. కాసేపటికి మంగ ఫోను మోగింది. "అమ్మా, మీ బాబు మా దగ్గరున్నాడు. జేబులో చీటీ ఉంది" అన్నాడు ఒక పోలీసు.

పిల్లాడు దొరికాడు. అత్తగారు వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. చీటీ చేతిలో పట్టుకుని చూసింది. ఆవిడకి చదువు రాదు.

"ఇందులో ఏం రాశావే అమ్మాయ్?" అని అడిగింది.

మంగ చదివి వినిపించింది.

ఆ రోజు ఆటోకి 80, పూజకి 90, పిల్లలకి 200, జీళ్ళకి 100. మొత్తం 470 రూపాయలు. ఒక రోజు కూలి మాత్రం పోయింది. అప్పు లేదు. వడ్డీ లేదు. మందుల ఖర్చూ లేదు.

గుర్తుంచుకోండి
1. పిల్లల్ని సముద్రంలోకి ఒంటరిగా పంపకండి. నది సముద్రంలో కలిసేచోట నీటి లాగుడు ఎక్కువ.
2. పిల్లలు తప్పిపోతే వెంటనే పోలీసులకి చెప్పండి. 112కి గానీ, 1098కి గానీ ఫోను చేయండి. డబ్బు పడదు.
3. విరేచనాలు పట్టుకుంటే ఆశా కార్యకర్తని ఓఆర్ఎస్ పొట్లం అడగండి.

ఆలోచించి చెప్పండి
1. పిల్లలకి డబ్బు లెక్క కట్టి ఇవ్వడం మంచిదేనా? ఎందుకు?
2. మొదటిసారి తరవాత వచ్చి పడిన ఖర్చుల్లో ఏవి తప్పించుకోవచ్చు?

చేయండి
1. మంగ డబ్బాలో 500 రూపాయలు ఉన్నాయి. 470 ఖర్చయ్యాయి. ఎంత మిగిలింది?
2. మీ ఊరి దగ్గర తీర్థం ఏది? ఎంత ఖర్చవుతుందో ముందే రాయండి.
3. మీ పిల్లల పేరుతో ఒక చీటీ రాయండి.