గాజుతీగ కొరకు నిరీక్షణ

హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిమీద మీలో పలువురు ప్రయాణము చేసియుందురు. తెలంగాణము ముగిసి ఆంధ్రప్రదేశము మొదలగు చోట గరికపాడు కలదు. అది దాటి చిల్లకల్లు కూడలివద్ద దిగి కొంత దూరము లోనికి పోయినచో జగ్గయ్యపేట వచ్చును. 2022 ఏప్రిల్ వరకు ఇది కృష్ణా జిల్లాలోని పట్టణము, నాటినుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. పూర్వము దీనిని బేతవోలు అనెడివారు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు నిలుచునట్లు ఇచ్చట పేటను కట్టించెను.

ఊరి చెంత ధనబోడు అను గుట్టమీద ఒక బౌద్ధస్తూపము శిథిలమైయున్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అను స్కాట్లండు పండితుడు దానిని పరిశోధించెను. అచ్చటి స్తంభములమీద ఇక్ష్వాకు వంశీయుడగు వీరపురుషదత్తుని కాలమునాటి శాసనము దొరికినది. సిద్ధార్థుడను శిల్పి ఒకడు తన కుటుంబమువారితో కూడి ఆ స్తంభములను నిలిపినట్లు అందు వ్రాయబడియున్నది. ఆ వార్త మనకు చేరుటకు సుమారు పదునారు వందల ఏండ్లు పట్టినది. ఆ శిల్పి తొందరపడినట్లు కనిపించదు. మా వీధివారము మాత్రము తొందరపడితిమి. ఆ కథయే ఈ పాఠము.

నా చిన్నతనమున తంతి జవాను వీధిలోనికి వచ్చినచో ఇల్లిల్లు నిశ్శబ్దమగుచుండెను. శుభవార్తకు ఎవరును తంతికి డబ్బు పెట్టరని మా నమ్మకము. ఆ తంతి సేవ 2013 జులైలో దేశమంతట నిలిచిపోయినది. దూరపు ఊరివారితో టెలిఫోనులో మాటాడవలెనన్న ట్రంకుకాల్ కొరకు పేరు నమోదు చేయించుకొని గంటలకొలది కూర్చుండుట కూడ నేనెరుగుదును. 1995 ఆగస్టు 15న మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోనికి వచ్చెను. మా ఊరికి అది టెలిఫోను తీగవెంటనే వచ్చినది. టెలిఫోను తీగ రాగితో చేసినది. మాటలను మోయుటకు ఏర్పడినది. రాగిలో విద్యుత్తు ప్రయాణించుకొలది బలహీనమగును. టెలిఫోను కేంద్రమునకు దగ్గరగానున్న ఇంటికి కొంత వేగము దక్కును. ఊరి చివరి ఇంటికి అందులో కొద్దిభాగమే మిగులును.

వేగమనగా ఏమో ఒక చిన్న లెక్కతో తెలిసికొందము. యంత్రములు సమస్త విషయములను సున్నలుగాను ఒకట్లుగాను మార్చి పంపును. అట్టి ఒక్కొక్క గుర్తును బిట్ అందురు. 2004లో మన ప్రభుత్వము ప్రకటించిన విధానము ప్రకారము సెకనుకు 2,56,000 బిట్లు వచ్చిన చాలును, దానిని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చును. 2013లో ఆ కనీసమును రెట్టింపు చేసిరి; 2023లో 20 లక్షలకు పెంచిరి. ఇప్పటి చేతిఫోనుతో తీసిన ఒక సామాన్యమైన ఛాయాచిత్రములో కోటి అరువది లక్షల బిట్లుండుననుకొనుడు. 2004 నాటి వేగముతో అది చేరుటకు నిమిషము పైచిలుకు పట్టును. సెకనుకు పది కోట్ల బిట్లను తెచ్చు గాజుతీగలో, సెకనులో ఆరవ వంతైనను పట్టదు.

గాజుతీగ అనగా మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. గాజు పెళుసు వస్తువు గదా, దానితో తీగ యెట్లు సాధ్యమని నేనును అనుకొంటిని. మిక్కిలి సన్నగా తీసిన గాజు వంగును. ఒక్కొక్క పోగు మందము 125 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. వెలుతురు నడచునది దాని నడుమనున్న తొమ్మిది మైక్రాన్ల మేర మాత్రమే. నడిమి గాజు ఒక రకము, దానిని చుట్టియున్న గాజు మరియొక రకము. బావిలో మునిగి ఈదువాడు ఏటవాలుగా పైకి చూచినచో నీటి పైభాగము అద్దమువలె తోచును. వెలుతురు బయటికి పోలేక లోపలికే మరలుటచేత అట్లగును. ఈ పోగులోను అదియే జరుగును. పోగు వంపు తిరిగినను వెలుతురు ప్రక్కకు జారిపోక లోలోపలనే సాగిపోవును. గాజులో దాని వేగము సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. మా ఊరినుండి హైదరాబాదు ఇన్నూరు కిలోమీటర్లనుకొన్నను సెకనులో వేయవ వంతు చాలును.

ఈ విద్యలో మన దేశీయునికి గొప్ప పాలు కలదు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ లండనులో హాప్కిన్స్ అను ఆచార్యునితో కలిసి గాజుపోగుల కట్టద్వారా బొమ్మను పంపి, ఆ సంగతిని 1954లో ప్రకటించెను. కాని ఆనాటి గాజులో వెలుతురు కొలది దూరములోనే నశించుచుండెను. గాజులోని మాలిన్యమే ఇందుకు కారణమనియు, కిలోమీటరు పోయినపిదప నూటికి ఒక వంతు వెలుతురు మిగిలినను వార్తలు పంపవచ్చుననియు చార్లెస్ కావ్ 1966లో వాదించెను. నాలుగేండ్లకు అమెరికాలోని కార్నింగ్ సంస్థకు చెందిన ముగ్గురు శాస్త్రజ్ఞులు అట్టి గాజును సాధించిరి. నేటి గాజులో కిలోమీటరునకు నూటికి తొంబదియైదు వంతులు మిగులుచున్నది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమానము వచ్చెను. అప్పటికాయన మరపు రోగముతో బాధపడుచుండుటచే ఆయన భార్యయే స్టాక్‌హోములో ఉపన్యాసమును చదివెను. దూరములను దగ్గర చేసినవానికి తన జ్ఞాపకములే దూరమైనవి గదా యని అది విన్నప్పుడు నాకు మనస్సు కలతచెందినది.

ఇక మా వీధి సంగతి. మావి ఇరువదిమూడు ఇండ్లు. 2020లో కరోనా వ్యాపించి పాఠశాలలు, కార్యాలయములు మూతపడినప్పుడు మా పొరుగింటి అమ్మాయి హైదరాబాదునుండి తన పనిని వెంటబెట్టుకొని వచ్చెను. ఒక సంస్థలో లెక్కలు చూచుట ఆమె ఉద్యోగము. తండ్రి లేడు. తల్లికి ఆ మరుసటి సంవత్సరమే పక్షవాతము వచ్చి కుడిభాగము పడిపోయినది. నాటినుండి తల్లికి అన్నము తినిపించుట, ప్రక్క మార్చి పండుకొనబెట్టుట, ఉద్యోగము చేయుట, అన్నియు ఆ పిల్లయే. ఇంటిలో ఫోను సంకేతము చాలక డాబామీదికి పోయి గొడుగు నీడలో పని చేసికొనుచుండెను. పగలు కొంత నయము. సాయంకాలము ఊరివారందరును ఒకే టవరుమీద ఆధారపడుటచే ఆమె చూడవలసిన పట్టిక తెరపై సగము వచ్చి ఆగిపోవుచుండెను. కొంతకాలమునకు ఆమె కార్యాలయమువారు నిబంధన పెట్టిరి: ఇంటికి స్థిరమైన ఇంటర్నెట్ ఉన్నవారు ఉన్నచోటనే ఉండవచ్చును, లేనివారు హైదరాబాదు రావలెను.

2022లో మేమందరము చందా కట్టి గాజుతీగకు దరఖాస్తు చేసికొంటిమి. ఆ సంస్థ పేరు ఇచ్చట అనవసరము. “రెండు నెలలలో వచ్చును మాస్టారూ” అని వారి మనిషి చెప్పెను. రెండు నెలలు రెండేండ్లయినవి. ఒకసారి స్తంభములమీద అనుమతి లేదనిరి. ఒకసారి సరకు లేదనిరి. మిరప టిక్కీలతో ఎత్తుగా పోవుచున్న లారీయొకటి పై వీధిలో వ్రేలాడు తీగను లాగుకొనిపోయినందున ఒక వేసవియంతయు పని ఆగినది.

స్తంభములమాట వచ్చినది కనుక చెప్పెదను. భూమిని త్రవ్వి తీగ పాతుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందుచేత 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభములమీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల గాజుతీగను లాగించెను. ఇందుకైన ఖర్చు సుమారు 333 కోట్ల రూపాయలు. గోదావరి సీమలోని మోరి గ్రామమునకు 2016 డిసెంబరులో ఈ సౌకర్యము వచ్చెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును ప్రారంభించెను. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజన్, ఫోను కలిపి ఇత్తుమనిరి. కేంద్ర ప్రభుత్వము రెండున్నర లక్షల పంచాయతీలకు గాజుతీగ వేయ సంకల్పించినది అంతకు ముందే, 2011లో. రెండేండ్లలో పూర్తి కావలెనని దాని ఆశయము. మొదటి లక్ష పంచాయతీలు ముగియుటకే 2017 వచ్చెను. స్తంభముమీది తీగ చవుక. కాని గాలికి, లారీకి, కోతికి అది లోకువ. మన దేశము చవుకదనమును ఎంచుకొన్నది. నేనైనను అట్లే చేసియుందునని తోచుచున్నది. వేచియుండుట మాత్రము కష్టము.

2024 ఆగస్టులో తీగ మా ప్రక్కవీధివరకు వచ్చెను. సెప్టెంబరు మొదటి దినమున మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరమువద్ద రహదారిమీదికి వచ్చెను. హైదరాబాదు, విజయవాడల నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. పనివారు మరల నెలలకొలది కనబడలేదు. అమ్మాయికి ఆమె కార్యాలయమువారు డిసెంబరు నెలాఖరు వరకే గడువిచ్చిరి. తల్లిని హైదరాబాదు తీసికొనిపోయినచో మూడవ అంతస్తులోని గదిలో ఉంచవలెను. తీసికొనిపోనిచో చూచువారు లేరు.

డిసెంబరు రెండవ వారములో ఇద్దరు యువకులు నిచ్చెనతో మా వీధిలోనికి వచ్చిరి. వారి పనిని నేను కుర్చీ వేసికొని చూచితిని. తీగను చీల్చి, రంగురంగుల పోగులలో నీలపుదానిని ఎన్నుకొని, పైపూతను గీసి తీసి, స్పిరిటుతో తుడిచి, చిన్న కత్తెరయంత్రముతో కొనను నిటారుగా కోసిరి. రెండు కొనలను ఒక పెట్టెలో ఎదురెదురుగా ఉంచగనే దాని తెరమీద అవి దూలములవలె కనబడెను. చిన్న మెరుపు మెరసెను. రెండు కొనలును కరిగి ఒకటయ్యెను. తెగిపడిన ముక్కలను ఆ యువకుడు ఒక సీసాలో జాగ్రత్తగా వేసికొనుచుండెను. ఎందుకని అడిగితిని.

“చర్మములో గుచ్చుకొన్నచో కంటికి కనబడవు మాస్టారూ. పిల్లలు తిరుగు వీధి గదా” అనెను.

తీగ ఎచ్చటనైన తెగినచో ఎట్లు కనుగొందురని మరల అడిగితిని. ఒక కొననుండి వెలుతురును పంపుదురట. తెగినచోటినుండి కొంత వెనుకకు మరలి వచ్చును. పోయివచ్చుటకు పట్టిన కాలమును యంత్రము కొలుచును. సెకనులో పదిలక్షవ వంతులు పది పట్టినచో, తెగినచోటు కిలోమీటరు దూరములో ఉన్నట్లు. ఈ లెక్కను మీరును వేసి చూడుడు.

పని ముగిసినపిదప తెలిసిన సంగతి మమ్ము నివ్వెరపరచెను. స్తంభమునకు బిగించిన పెట్టెలో ఎనిమిది ఇండ్లకే తావు కలదు. ఒక పోగులోని వెలుతురును ఎనిమిది పాళ్లుగా పంచు సాధనము అందున్నది. రెండవ పెట్టె తరువాత వచ్చునట. ఆ రాత్రి వీధివారు మా అరుగుమీద చేరిరి. ముందు డబ్బు కట్టినవారికి ముందు ఇయ్యవలెనని మిరపకాయల వ్యాపారి అనెను. గుంటూరు యార్డు ధరలు సమయమునకు తెలియక ఆయన నష్టపోయిన మాట నిజమే. ఆయన వాదములో తప్పును లేదు. దరఖాస్తులు నింపిపెట్టు ఇంటర్నెట్ కొట్టు కుర్రవాడు మూడవవాడు. ప్రవేశపరీక్షకు చదువుచున్న బాలుడు ఐదవవాడు. నేను ఆరవవాడను. అమ్మాయి తొమ్మిదవది; చందా కట్టిన వారములో ఆమె తల్లితో ఆసుపత్రిలో ఉండినందున ఆలస్యమైనది.

ఎవరును మాటాడలేదు. అమ్మాయియు అడుగలేదు. అమెరికాలోనున్న నా మనుమని ముఖమును ప్రతి ఆదివారము ఆగకుండ చూడవచ్చునని నేను రెండున్నర ఏండ్లు కనిపెట్టుకొనియుంటిని. వాడు మాటాడుచుండగనే చిత్రము నిలిచిపోయి, నోరు తెరచినవాడు తెరచినట్లే ఉండిపోవుట మీలో కొందరెరుగుదురు. నా వంతు ఆమెకిమ్మని చివరకు అంటిని. దీనిని త్యాగమని చెప్పుకొనుటకు నాకు సిగ్గు. ఆ మాట నా నోట వచ్చుటకు పావుగంట పట్టినది.

మరునాడు పొరుగింటిలో పచ్చదీపము వెలిగెను. అమ్మాయి హైదరాబాదు పోలేదు. తల్లికి మాట పూర్తిగా రాదు. అయినను ఆదివారము ఉదయమున ఎడమచేతితో గోడమీద తట్టి నన్ను పిలుచును. వారి మంచముప్రక్కన కూర్చుండి మనుమనితో మాటాడి వచ్చుచున్నాను. ఇప్పటికి ఏడు ఆదివారములైనవి. వానికిప్పుడు ఆమెను చూపనిదే తోచుట లేదు. రెండవ పెట్టె ఇంకను రాలేదు.