పెరటితోటలకు కంపోస్టు ఊటనీరు

పెరటిలో వంగ, బెండ, మిరప, ఆకుకూరలు పెంచు రైతులలో పలువురు మాగిన ఎరువును నీట నానవైచి, ఆ ఊటనీటిని మొక్కల మొదళ్లకు పోయుచున్నారు. ఈ పద్ధతి మంచిదే. కాని కొందరు ఎరువు వేయుట మానివైచి ఊటనీటినే నమ్ముకొనుచున్నారు. అట్టి మడిలో మొదట ఆకు పచ్చబడినట్లు తోచినను, కాయ దిగు వేళకు మొక్క నీరసించును. కావున ముందుగా లెక్క చూడవలెను.

మంచి కంపోస్టు 5 కిలోలలో నత్రజని సుమారు 50 గ్రాములుండుననుకొందము. అందులో అధికభాగము నీటిలో కరగదు; నేలలోని సూక్ష్మజీవులు కొలదికొలదిగ విడదీసినపుడే వేళ్లకందును. పదియవ వంతు కరగెనని ఉదారముగా లెక్కించినను, ఊటలోనికి వచ్చునది 5 గ్రాములు మాత్రమే. 10 చదరపు మీటర్ల టొమాటో మడి ఒక పంటకు 100 గ్రాములకు తక్కువకాకుండ నత్రజనిని కోరును. ఊటనీటితో ఈ లోటు తీరునని తలచుట పొరపాటు. దుక్కిలో ఎరువు వేసిన మడికి నడుమనడుమ ఊతమిచ్చుటకే ఇది పనికివచ్చును. కంపోస్టులోని పొటాషు మాత్రము చాలవరకు నీట కరగునది గనుక, పూత పిందె సమయమున ఊటనీరు కొంత మేలుచేయును.

ఊటకు మూలము ఎరువు. అది చక్కగా మాగినదై యుండవలెను. చెత్త, పేడ, మట్టి, బూడిద పొరలుగా పేర్చి, తడిపి, తిరుగవేయు పద్ధతిని ఆల్బర్టు హోవర్డుగారు ఇండోరు సంస్థానమున, 1924లో ఏర్పడిన వృక్షపరిశ్రమ సంస్థలో రూపొందించి, 1931లో గ్రంథరూపమున ప్రకటించిరి. (నిజామాబాదునకు పూర్వనామమైన ఇందూరు వేరు, ఈ ఇండోరు వేరు.) ఆ పద్ధతిని మూడుమార్లు తిరుగవేసినచో సుమారు 3 నెలలలో ఎరువు సిద్ధమగును. కుప్ప నడుమ చేయిపెట్టిన కాలునంత వేడి కొన్నాళ్లు నిలిచిననే కలుపు విత్తనములును, రోగక్రిములును చచ్చును. చల్లారి, మట్టివాసన వచ్చుచు, చేతికి పొడిపొడిగా నుండు ఎరువునే తీసికొనవలెను. పచ్చిపేడను ఇందులకు వాడరాదు.

గోనెసంచిలో 2 కిలోల ఎరువు మూటగట్టి, 20 లీటర్ల నీరున్న తొట్టిలో ముంచవలెను. కుళాయినీరైనచో ముందురాత్రియే పట్టి తెరచియుంచుట మేలు. దినమునకు మూడు నాలుగు పర్యాయములు కఱ్ఱతో బాగుగ కలియబెట్టవలెను. గాలి తగులనిచో ఊట కుళ్లును. రెండు దినములు చాలును. తొట్టిపై పలుచని గుడ్డ కట్టనిచో దోమలు గ్రుడ్లు పెట్టును. దుర్వాసన కొట్టిన నీటిని కూరమడికి పోయక, కుప్పమీదనే చల్లివేయవలెను. మంచి ఊటకు రెండింతల నీరు కలిపి ఆనాడే వాడవలెను. సంచిలో మిగిలిన పిప్పిని పారవేయరాదు. నత్రజనిలో హెచ్చుభాగము దానిలోనే యున్నది. మొక్కల మొదట పరచి మట్టి కప్పవలెను.

బెల్లము వేసిన ఊట బలపడునని చెప్పుదురు. బెల్లము మేలుచేయు జీవులతోపాటు, ఎరువులో మిగిలియున్న కడుపు జబ్బుల క్రిములను గూడ పెంచగలదని పరీక్షలలో తేలినది. కొత్తిమీర, పుదీన, కీరదోస, టొమాటో మొదలగు పచ్చిగా తినువానిమీద ఏ ఊటనీటిని చిలుకరింపరాదు. మొదట మాత్రమే పోయవలెను. ఇంటిలో పసిపిల్లలున్నవారు ఈ మాటను తేలికగా తీసికొనరాదు. ఊటను ఆకులపై చల్లినచో తెగుళ్లు పోవునను మాటయు అన్నివేళల నిజముకాలేదు. ఒకచోట ఫలించినది వేరొకచోట ఫలింపలేదు.

ఇక కాలమును బట్టి వాడు విధము. మృగశిరలో నాటిన నారు వేరుపట్టి కొత్త చిగురు వేసిన పిమ్మట, మొక్కకు అరలీటరు చొప్పున ఒకమారు పోయవచ్చును. ముసురు పట్టినపుడు మానుటయే తగును; వేళ్లకందకమునుపే వాననీటితో క్రిందికి దిగిపోవును. ఆ దినములలో కుప్పకు కప్పు వేసి సారము కారిపోకుండ కాపాడుకొనుట ఊట పోయుటకంటె లాభకరము. శీతకాలము దీనికి అనువైన కాలము. టొమాటో, వంగ, కోసుకూరలకు 15 దినములకొకసారి పోయవచ్చును. చలిలో ఊట మెల్లగా దిగును గనుక మూడవనాటివరకు నాననీయవచ్చును. వేసవిలో బీర, సొర, గోరుచిక్కుడు పాదులకు ఎండిన నేలపై ఊట పోయరాదు. ముందు నీరు పెట్టి, నేల తడిసిన పిదప సాయంకాలమున, నాలుగింతల నీరు కలిపి పోయవలెను. రోహిణిలో ఊట ఒకనాటిలోనే పులియును; ఉదయము నానవైచినదానిని మరునాటి ఉదయమునకు దాటనీయక వడగట్టి, తొట్టిని కడిగి ఎండబెట్టవలెను.